చెప్పుల అలమర మీది దొర

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున చెప్పులు తొడుక్కుంటూ చూశాను. దొర నోటి మీద పసుపు ఉంది. ఫోటో అద్దం మీద, సరిగ్గా పెదవుల దగ్గర, ఎవరిదో బొటనవేలి ముద్ర. నుదుట బొట్టు పెట్టబోతే చెయ్యి జారిందేమో. ఇంటావిడ బంగారమ్మ ఆంటీకి చూపు సరిగా ఆనదు.

సింగపూర్‌లో ఈ ఇంట్లో గది తీసుకున్నప్పటి నుంచీ ఆ ఫోటోని చూస్తూనే ఉన్నాను. తలుపు పక్కన చెప్పుల అలమర. దాని మీద ఖాళీ గ్లాసు, ఒక చుట్ట, గోడకి ఆనించిన తెల్లదొర. మీసం, గట్టి కాలరు, ఛాతీకి అదిమి పట్టుకున్న టోపీ. ఎవరని అడిగితే "డాక్టరు దొర. మా అమ్మమ్మ కాలంనుంచీ ఉన్నాడు" అంది ఆంటీ. అంతకుమించి అడగలేదు. అడగడం నాకు రాదు.

ఇవాళ క్లెమెంటిలో మా ఆఫీసులో అనిల్‌కుమార్ సార్ ఒక పాత గ్రూపు ఫోటోని పెద్దది చేసి తెర మీద వేశారు. మలయాలో, పేరాక్‌లోని తెలుక్ ఆన్సన్ ఆసుపత్రి మెట్లు. చివర నిలబడ్డది డాక్టర్ కత్‌బర్ట్ లోర్న్. మొహం మసక. "ఈయన వయసులో ఉన్నప్పటి మంచి ఫోటో ప్రపంచంలో ఎక్కడా లేదు" అన్నారు సార్. టోపీని ఛాతీకి అదిమి పట్టుకున్న తీరు చూసి గుర్తుపట్టాను.

ఏడాదిగా ఎవరి జీవితం రాయడానికి కాగితాలు తిరగేస్తున్నానో ఆ మనిషి నా చెప్పుల పైన కూర్చుని ఉన్నాడు.

ఫిబ్రవరి 4

లోర్న్ అంటే నాకు అసహ్యం. ఈ మాట ఆఫీసులో అనలేను. లోర్న్ వంశం వాళ్ళు పెట్టిన ట్రస్టు డబ్బుతోనే ఈ పుస్తకం వస్తోంది, నా జీతమూ వస్తోంది. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఎడింబరోలో సర్జరీ చదివాడు. ఓడెక్కి వచ్చి, పేరాక్‌లో కొబ్బరి తోటల ఆసుపత్రికి డాక్టరయ్యాడు. తర్వాత సింగపూర్‌లో పెద్ద ప్రాక్టీసు, పెద్ద ఇల్లు, మొదట గుర్రాలు, తర్వాత కారు. భార్య పియానోని చెదలు తిన్నాయి. దాని గురించి ఆయన కాగితాల్లో రెండు పేజీల దుఃఖం. కలరా వచ్చినప్పుడు కూలీలు ఉండే లైన్ల ఇళ్ళు వదిలి వెళ్ళలేదు, అది నిజమే. తెలుగు మాటలు కొన్ని నేర్చుకున్నాడు. నొప్పి, ఎక్కడ, ఇక్కడా, ఊపిరి పట్టు. నీ పేరేమిటి అన్నది ఆ మాటల్లో లేదు.

మలేరియా వచ్చి వచ్చి కూలీల కడుపులో బల్ల, అంటే ప్లీహం, ఇంగ్లీషులో స్ప్లీన్, పెరిగేది. అలా పెరిగిన బల్ల చిన్న దెబ్బకే పగులుతుంది. మనిషి లోపల్లోపలే రక్తం కారి చచ్చిపోతాడు. తోట దొరలు కూలీలను బూటుకాళ్ళతో తన్నేవాళ్ళు. కొందరు చచ్చేవాళ్ళు. కోర్టులో డాక్టరు లోర్న్ నిలబడి, చంపింది తన్ను కాదు, బల్ల అనేవాడు. ఆరోగ్యవంతుడైతే బతికి ఉండేవాడని ప్రమాణం చేసేవాడు. దొరలు చిన్న జరిమానా కట్టి ఇంటికి వెళ్ళేవాళ్ళు.

ఇది దాచిన సంగతేమీ కాదు. వైద్య పత్రికలో తనే అచ్చు వేయించుకున్నాడు. మొదటి కేసు: తెలుగు కూలీ, మగ, వయసు ఇరవై ఉండవచ్చు. మేనేజరు తన్నడం డాక్టరు స్వయంగా చూశాడు, ఆసుపత్రి వరండాలోంచి. "తేలికపాటి తాపు" అని రాశాడు.

ఫిబ్రవరి 7

సార్ నా అధ్యాయంలో మళ్ళీ ఆ వాక్యం కలిపారు. "కోర్టులో ఇచ్చిన ఆ సాక్ష్యం తర్వాతి కాలంలో ఆయన మనసును తొలిచి ఉండవచ్చు."

"ఎక్కడ ఉంది సార్ ఈ సంగతి?"

"ఎక్కడో ఉండాలని ఏముంది అరుణశ్రీ? 'ఉండవచ్చు' అన్నాం కదా. మనిషన్నాక మనసుండదా?"

"ఆయన ఎక్కడా రాయలేదు."

"నువ్వు మరీ కాన్వెంట్ సిస్టర్‌లా ఉంటావమ్మా. పుస్తకం చదివేవాడికి కాస్త ఊపిరాడనివ్వాలి."

కొట్టేశాను. సాయంత్రానికి మళ్ళీ కలిపారు. మళ్ళీ కొట్టేశాను. లోర్న్ నోట్లో తను అనని మంచి మాట పెట్టడానికి మేమెవరం?

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆంటీ పొద్దున దొర ముందు నిలబడి ఏదో గొణుగుతుంది. రోజూ అంతే. దేవుడి అలమరకి దణ్ణం పెట్టుకున్నాక ఇటు వస్తుంది. నేను గది తలుపు సందులోంచి చూశాను. చేతులు జోడించలేదు, కళ్ళు మూయలేదు. మొహంలో మొహం పెట్టి మాట్లాడింది. అంత చనువన్నమాట దేవుడితో.

కాన్వెంట్‌లో సిస్టర్ ఒకావిడ సెయింట్ విగ్రహం కాళ్ళు తుడుస్తూ ఇలాగే మాట్లాడేది. మనుషులు దేన్నయినా దేవుణ్ణి చేసేసుకుంటారు. బంగారమ్మ ఆంటీ వాళ్ళ పెద్దలు అదే పేరాక్ తోటల్లో పనిచేశారు. తమను చావగొట్టినవాళ్ళను కాపాడిన మనిషికి వీళ్ళు గ్లాసు పెట్టి, చుట్ట పెట్టి కొలుస్తున్నారు. నాకు జాలి వేసింది. జాలి కన్నా కోపం ఎక్కువగా వచ్చింది.

ఫిబ్రవరి 10

ఫోటో సంగతి సార్‌కి చెప్పేశాను. ఆ ఇంట్లోంచి అది పోతే వాళ్ళకే మంచిది.

సార్ కుర్చీలోంచి లేచారు. అరగంటలో ఇంగ్లండుకి మెయిల్ వెళ్ళింది. సాయంత్రం జవాబు. డాక్టరు మునిమనవరాలు హిల్డా లోర్న్ మార్చి మొదట్లో వస్తోంది, "మా ముత్తాతను ఇంటికి తీసుకెళ్ళడానికి."

"వాళ్ళని ఒప్పించే పని నీది" అన్నారు సార్.

ఫిబ్రవరి 12

నా కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. అది పొడిగిస్తేనే ఈ దేశంలో ఉండటానికి పాస్ ఉంటుంది. దానికీ ఫోటోకీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ మాట్లాడాను. వారం రోజులు మనసులో అనుకుని అనుకుని, చివరికి ఆంటీ పప్పు వడ్డిస్తుంటే కంచంలోకి చూస్తూ అన్నాను.

"ఆంటీ, ఆ డాక్టరు మంచివాడు కాదు."

గరిటె ఆగింది. ఆంటీ కొడుకు సురేన్ అంకుల్ ఫోను కింద పెట్టాడు. పోర్టులో పనిచేస్తాడు, యాభై ఉంటాయి, ఇంట్లో ఎక్కువ మాట్లాడడు.

నేను చెప్పుకుపోయాను. బల్ల గురించి, కోర్టు గురించి, వరండాలోంచి చూసి కూడా తేలికపాటి తాపు అన్నదాని గురించి. ఎవరో తెలుగు కూలీ, పేరు కూడా రాయలేదు అన్నాను. మీరు కొలవాల్సిన మనిషి కాదు ఆంటీ అన్నాను.

ఆంటీ నవ్వింది. పళ్ళు లేని నవ్వు, గదంతా వినపడేలా.

"పోలయ్య" అంది.

"ఏమిటి?"

"పేరు రాయలేదన్నావు కదే. పోలయ్య. మా అమ్మమ్మ సన్యాసమ్మకి అన్న. నువ్వు పుస్తకంలో సదివినావు, ఆవిడ ఎదురుగా నిలబడి సూసింది. ఒక్క తాపు కాదు. కింద పడ్డాక కూడా."

"మరి..."

"మరేటి? దేవుడని నీకెవులు సెప్పారు? దేవుణ్ణి చెప్పుల మీద ఎడతారా ఎవులైనా?"

సురేన్ అంకుల్ పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. రోజూ ఆ అలమరలో చెప్పులు పెట్టాను. చోటు లేక పైన పెట్టారనుకున్నాను.

ఆసుపత్రి మూసేసినప్పుడు అక్కడ ఊడ్చే పనిలో ఉన్న సన్యాసమ్మ గోడమీది ఫోటో తీసుకొచ్చిందట. నిజం చెప్పేదాకా వీడు మా ఇంట్లోంచి కదలడు అందట. గ్లాసు పెడతారు, పోయరు. చుట్ట పెడతారు, ముట్టించరు. రోజూ పొద్దున ఆంటీ అడిగేది ఒకటే: "సెప్తావా, సెప్పవా?" ఆ పసుపు ముద్ర కూడా బొట్టు కాదు. అబద్ధం చెప్పిన నోటికి వేసిన ముద్ర.

"శివరాత్రి ఎల్లిన ఆదివారం పోలయ్య రోజు" అంది ఆంటీ. "ఆ రోజు వాణ్ణి విచారణకి కూకోబెడతాం. మావాళ్ళెవులూ వాడిగా కూకోరు. బయటివాళ్ళే కూకోవాల. అందుకే గది అద్దెకిచ్చేది. పోయినసారి బర్మా పిల్ల కూకుంది, నవ్వాపుకోలేక చచ్చింది. నువ్వు వాడి పుస్తకం పనిలో ఉన్నావని గుడిలో సెప్పారు. అందుకే నీకిచ్చినాను. నీ ఇంగ్లీసు దొరలాగే ఉంటాది."

ఫిబ్రవరి 17

పుస్తకాలు చదివి తెలుసుకున్నదాన్ని వాళ్ళకి నేర్పబోయాను. తల ఎత్తి ఆంటీ మొహం చూడలేకపోయాను.

ఫోటో ఇవ్వమని మాత్రం ఇంకా అడగలేదు.

ఫిబ్రవరి 19

చోవా చూ కాంగ్ స్టేషన్ నుంచి సురేన్ అంకుల్, నేను కలిసి ఇంటికి నడిచాం. ఆయనే మాట ఎత్తాడు.

"మీ ఆఫీసువాళ్ళకి ఫోటో కావాలి, కదా? అనిల్‌కుమార్ నాకు కాల్ చేశాడు."

నాకు తెలియదన్నాను. నంబరు నేను ఇవ్వలేదు. ఆఫీసుకిచ్చిన అద్దె ఇంటి ఫారంలో ఉంటుంది.

"తీసుకెళ్ళమను లా. నాకు చాలయింది. చిన్నప్పుడు నా ఫ్రెండ్స్ ఇంటికొస్తే, డే, ఈ ఆంగ్‌మో మీ తాతా అనేవాళ్ళు. తెల్లవాడు తాతేంట్రా అని కొట్టుకునేవాడిని. అమ్మ పోయాక నేను రోజూ వీడితో పోట్లాడాలా?"

"ఆంటీ ఇవ్వరు."

"ఇవ్వదు. రూల్ ఉంది. వాడు నిజం చెప్పిన రోజు వదిలెయ్యాలి. అమ్మ వాళ్ళ అమ్మమ్మ పెట్టిన రూల్, అమ్మ తప్పదు." మళ్ళీ అన్నాడు, "కూర్చునేవాళ్ళకి ముందే చెప్తాం, ఏమనాలో. స్ప్లీన్. ఒక్క మాట. అందరూ అదే అంటారు. వేరేది అనమని నేను చెప్పడం లేదు, ఓకే?"

ఓకే అన్నాను.

ఫిబ్రవరి 21

సార్: "హిల్డా నాలుగో తారీకున దిగుతోంది. ట్రస్టు వాళ్ళు నీ పొడిగింపు గురించి కూడా అప్పుడే తేలుస్తారు. రెండూ వేరువేరు విషయాలే అనుకో."

ఆ వాక్యాన్ని మళ్ళీ కలిపారు. ఇవాళ కొట్టెయ్యలేదు. ఓపిక లేక.

ఫిబ్రవరి 26

శివరాత్రి. ఆంటీ ఉపవాసం. నాతో నాలుగు మాటలు ప్రేమగా మాట్లాడింది. "బాగా సెప్పాల, తల ఎత్తి సెప్పాల. వాడు తల దించలేదంట కోర్టులో."

మార్చి 1

ఆంటీ టెక్కా మార్కెట్‌నుంచి మేక మన్నీరల్ తెచ్చింది. మన్నీరల్ అంటే బల్లే. వీళ్ళు అరవ మాటే వాడతారు. నల్లగా, నున్నగా, అరచేయంత ఉంది. మిరియాలు, వెల్లుల్లి దంచి పెట్టుకుంది. ఇల్లంతా వాసన. రేపు దొర ముందు పెట్టి, ఎవరూ ముట్టకుండా, వంటింట్లోంచి కిందికి పోయే చెత్త గొట్టంలో పారేస్తుందట. పోలయ్యకి వేరే వంట, కోడి, చేపల పులుసు. అది అందరూ తినేది.

నేనేం చెప్పాలో నాకు తెలుసు. ఒక్క మాట.

మార్చి 2, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాల్లో సోఫా జరిపి కుర్చీ వేశారు. బంధువులు జోహోర్ నుంచి కూడా వచ్చారు, నిలబడటానికి చోటు లేదు. ఫోటో నా ఒళ్ళో పెట్టారు, మొహం వాళ్ళ వైపు తిప్పి. బరువుగా ఉంది. అద్దం వెనకనుంచి పాత కర్ర వాసన. ప్లేటులో వేయించిన బల్ల నా కాళ్ళ దగ్గర పెట్టారు.

ఆంటీ కొత్త చీర కట్టుకుంది. నా ఎదురుగా నిలబడింది. నన్ను చూడలేదు, ఫోటోని చూసింది.

"డాక్టరు దొరా. నువ్వు సదువుకున్నోడివి. మా పోలయ్యని ఏది సంపింది?"

వెనకెవరో పిల్లలు కిసుక్కుమన్నారు. ఒకామె "ఉష్" అంది. సురేన్ అంకుల్ కిటికీ దగ్గర, బయటికి చూస్తూ.

నేను తల ఎత్తాను. స్ప్లీన్ అనాలి. నోరు తెరిచాను.

"ది కిక్" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు మొదట. వాళ్ళు అబద్ధం అని అరవడానికి సిద్ధంగా ఉన్నారు, ఇద్దరు అరిచేశారు కూడా. నేను తెలుగులో అన్నాను. "తన్ను. తన్నే చంపింది. నేను చూశాను."



ఆంటీ వంగి ప్లేటు తీసుకుంది. చెత్త గొట్టం దాకా తీసుకెళ్ళి, మూత తెరవకుండా వెనక్కి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. నా ఒళ్ళోంచి ఫోటో తీసుకుంది. చీర కొంగుతో అద్దం మీది పసుపు తుడిచింది.

"సుడా" అంది, మలయ్ మాట. అయిపోయింది.

జోహోర్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు "వదిలేసినాడ్రా, ఒప్పుకున్నాడు" అని ఏడ్చాడు. కొందరు నా చెయ్యి పట్టుకున్నారు. భోజనాలు పెట్టారు. నేను తినలేకపోయాను.

అందరూ వెళ్ళాక ఆంటీ నా గది గుమ్మంలో నిలబడింది.

"వాడు సెప్పలేదే" అంది. "నువ్వు సెప్పినావు."

"నిజమే కదా ఆంటీ చెప్పాను."

"నిజమే. మాకు తెల్దా నిజం? మా అమ్మమ్మ కళ్ళతో సూసింది. నీ నిజం మాకెందుకు? వాడి నోటంట రావాల. రాదని మాకు తెలుసు. రానంతకాలం వాడు దొంగే, మా ఇంట్లో దొంగే. నువ్వు వాడికి మంచి నోరు ఇచ్చినావు." కాసేపు గోడ పట్టుకుంది. "మాట అంటే మాటే. ఎల్లనీ వాణ్ణి."

నేను నిజం చెప్పాలనే చెప్పాను. ఫోటో కోసం కాదు. ఆ క్షణంలో ఫోటో గుర్తే లేదు.

మార్చి 3

ఫోటో కోసం కాదు.

మార్చి 5

ఆంటీ ఫోటోని ఫెయిర్‌ప్రైస్ సూపర్‌మార్కెట్ సంచిలో పెట్టి సురేన్ అంకుల్ చేత పంపించింది. హిల్డా లోర్న్ పొడుగ్గా ఉంది, వినయంగా మాట్లాడుతుంది. ద్వేషించడానికి వీలుగా లేదు. ఫోటోని రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"ఎంత దయగా ఉందో ఆ నోరు" అంది.

సార్ నా వైపు చూసి నవ్వారు. ఇన్నాళ్ళూ ఆ కుటుంబం మీ ముత్తాతను పూజించిందని ఆవిడకి చెప్పారు. నేను అక్కడే ఉన్నాను. అది పూజ కాదన్న సంగతి సార్‌కి పూర్తిగా చెప్పింది నేనే, ఆయనకి తెలుసు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కాదని చెప్పడానికి నోరు తెరిచేలోపు టీ వచ్చింది.

కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగించారు.

మార్చి 6

ఆ వాక్యం అధ్యాయంలో అలాగే ఉంది. ఇంకో మాట కూడా చేరింది: "కూలీల వారసుల్లో ఆయన్ని క్షమించినవారు, కొలిచినవారు ఉన్నారు." కింద నా పేరు, కృతజ్ఞతలతో.

మార్చి 8, శనివారం

చెప్పుల అలమర పైన ఇప్పుడు ఒక ప్లాస్టిక్ పూలకుండీ ఉంది. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని సురేన్ అంకుల్ మెసేజ్ పెట్టాడు. ఎదురుగా చెప్పలేకపోయాడు. క్లెమెంటిలో గదులు చూస్తున్నాను.

ఆంటీ ఆరు రోజులుగా నాతో మాట్లాడలేదు. పొద్దున అలవాటుగా తలుపు దాకా వచ్చి, పూలకుండీని చూసి, వెనక్కి వెళ్ళిపోతోంది.

ఇవాళ మధ్యాహ్నం నేను బట్టలు సర్దుతుంటే వచ్చి మంచం అంచున కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను సర్దడం ఆపాను.

"ఒక్కటి అడుగుతాను, సెప్తావా?"

"చెప్పండి ఆంటీ."

"వాడు పోయినాడు కాబట్టి అడుగుతున్నాను. ఉన్నప్పుడు ఎప్పుడూ ఇది అడగలేదు. అమ్మమ్మా అడగలేదు, అమ్మా అడగలేదు. ఏది సంపింది, ఏది సంపింది అని అదొక్కటే అడిగినాం." గొంతు సవరించుకుంది. "కలరాలో మావాళ్ళ పక్కన కూకున్నోడంట కదా. మలం ఎత్తినోడంట. మరి ఆ రోజు ఎందుకలా సెప్పినాడే? నీకు తెలిసుంటాది. అన్ని కాగితాలు సదివినావు."

కిటికీ బయట ఎవరింటిదో వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. ఆంటీ నా మొహంలోకి చూస్తోంది, రోజూ ఫోటోని చూసినట్టే.

"తెలియదు ఆంటీ" అన్నాను.

తల ఊపి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

పోలయ్యని తన్నిన మేనేజరు లోర్న్ భార్యకి సొంత తమ్ముడు.